మూడుచోట్ల ఆనాలి

బకెట్టు ఎనిమిది పౌండ్లంది డోరీన్.
సండర్లాండ్‌లో, మా వెనక సందులో
ఆమె షెడ్డు తలుపు తీస్తే
ఎండిపోయిన సముద్రం వాసన,
అంటే ఏ వాసనా లేదు.
పన్నెండేళ్ళుగా నీళ్ళు తాకని రాళ్ళు
బంగాళాదుంపల గోనెలో.
"మళ్ళీ మొదలెడదామని కడిగి ఆరబెట్టాడు రెజ్" అని,
మిగతా మాట మింగేసి
ఆరుకే ఇచ్చింది.
నేనింకా బేరం మొదలెట్టనే లేదు.

రాళ్ళంటే రాళ్ళు కావు.
ఎప్పుడో ఏ వెచ్చటి నీళ్ళలోనో
కంటికానని పురుగులు కట్టుకున్న ఇళ్ళు.
గుల్లగా, తేలిగ్గా,
చలిమిడి ముద్దలో పిల్లలు వేళ్ళు గుచ్చినట్టు.
ఒకటి అల్లం కొమ్ము. ఒకటి అచ్చం కింది దవడ.

దవడల సంగతి నాకు తెలుసు.
కిటికీ లేని ల్యాబులో కూర్చుని
నేనెన్నడూ చూడని నోళ్ళకు వంతెనలు కడతాను.
వెంట్రుకలో సగం తేడా వచ్చినా
డబ్బా వెనక్కొస్తుంది, లోపల చీటీ:
కొంచెం ఎత్తుగా ఉంది.
అందుకే, అతకడం నాకొచ్చనుకున్నాను.

మొదటి రాత్రి సిమెంటు.
వెనకటివాళ్ళు గచ్చులో బెల్లం, కరక్కాయ కలిపి నూరేవారట,
కోటలు ఇంకా నిలబడే ఉన్నాయి.
నా దగ్గరున్నది సంచి అడుగున మిగిలిన పిడికెడు పొడి,
చెంచాడు ఓపిక.
తెల్లారేసరికి తోరణం గ్యారేజీ నేల మీద.
"చేపల కంటే ముందు భూకంపాన్ని తెచ్చావు" అంది హైమ,
టీ కప్పు ఓ రాయి మీద పెట్టబోయి, మానేసి.

రెండో రాత్రి, పౌండుకు ఐదు గొట్టాల జిగురు.
రాయి పానకంలా తాగేసింది.
అతుక్కున్నవి నా వేళ్ళే.
చూపుడువేలి తోలు గోరంత
దానికే వదిలేసి వచ్చాను.

మూడో రాత్రి జిగురు మూత తియ్యలేదు.
పళ్ళ దగ్గర నేర్చిందే,
ముందు ఉత్తినే ఆనించి చూశాను.
ఒకచోట ఆనితే తిరుగుతుంది.
రెండుచోట్ల ఆనితే ఊగుతుంది.
మూడుచోట్ల ఆనిందా,
ఇక జిగురు సాక్షి సంతకమే.

అప్పుడు హైమ దూది దొంగిలించి
చీలికలో కూరి, ఒక్క చుక్క.
సుయ్‌మని పొగ. వేలికి సెగ.
పైన చిటికెడు ఇసుక,
దెబ్బ మీద పసుపద్దినట్టు.
దూది రాయయింది.
బీన్స్ డబ్బాలు రెండు భుజాలిచ్చి నిలబడ్డాయి రాత్రంతా.

ఆఖరి రాయి బోర్లిస్తే
అడుగున పాత పుట్టీ ముద్ద, బూడిదరంగుది.
అడ్డమొస్తోంది, చెక్కేద్దామని ఉలి పట్టుకున్నాను.
ముద్దలో బొటనవేలి ముద్ర.
గీత గీతా స్పష్టంగా,
మధ్యలో చిన్న కోత మచ్చ.
ఒత్తిపెట్టి, గట్టిపడేదాకా
అట్లాగే పట్టుకుని కూర్చున్నట్టున్నాడు.
గ్యారేజీ చలిలో ఎంతసేపో.

ఉలి డబ్బాలో పెట్టేశాను.
ముద్దను ముద్దలాగే ఉంచి
రాయి తిప్పేసరికి తోరణం వంకరపోయింది,
రెండంగుళాలు పైకి లేచింది.

వీధి చివర ఉత్తర సముద్రం
ఊరికే కొట్టుకుంటోంది రాత్రీ పగలూ.
నేను మాత్రం ఉప్పు కిలోల లెక్కన కొని
తొట్టిలో కలిపాను.

ఆదివారం డోరీన్ వచ్చింది,
మర్చిపోయానంటూ ఒక థర్మామీటరు పట్టుకుని.
"చేపలేవీ?"
"వచ్చే జీతానికి."
నీళ్ళింకా కుడితిలా ఉన్నాయి.
వంగి చూసింది. ఊపిరికి అద్దం మసకేస్తే
చేతి అంచుతో తుడిచి మళ్ళీ చూసింది.
చాలాసేపే.
ముద్ర ఉన్న మూలకేసేనా, తెలీదు.
నేను వేలు పెట్టి చూపించలేదు.

"కొంచెం ఎత్తుగా ఉంది" అంది,
కోటు గుండీలు పెట్టుకుంటూ.

ల్యాబు చీటీ అయితే
ఈపాటికి అరగదీసి పంపేవాణ్ణి.